ముద్ర లేని వెలుతురు

మొగలిపట్నంలో ప్రమాణ ముద్రల కార్యాలయం అని ఒకటి ఉంది. ఊళ్లో ఏ కొట్లో ఏ తూకపురాయి ఉన్నా, ఏ పాలమనిషి చేతిలో ఏ కొలగిన్నె ఉన్నా, దాని మీద ఆ కార్యాలయం వారి గుండ్రటి ముద్ర ఉండితీరాలి. ముద్ర ఉంటే అది కిలో. లేకపోతే ఎంత బరువున్నా అది ఉత్త ఇనుపముక్క. ఈ సంగతిని ముప్పై ఏళ్లుగా తాను నమ్ముతూ, ఇతరుల చేత నమ్మిస్తూ, అక్కడే సీనియర్ అసిస్టెంటుగా జుట్టు నెరిసినవాడు కోరాడ వరహాలరావు. కార్యాలయం గేటు మీద "కొలతను కళ్లారా చూచుట వినియోగదారుని హక్కు" అన్న బోర్డు కూడా ఆయన దగ్గరుండి రాయించిందే.

వరహాలరావుకి ఉన్నది ఒక్కటే సరదా, ఫోటోలు తీయడం. ప్రతి ఆదివారం కెమెరా మెడలో వేసుకుని ఉప్పుటేరు గట్టుకి పోయి కొంగల్ని తీస్తాడు. ఇప్పటికి పద్నాలుగు వేల కొంగలు పోగయ్యాయి. అన్నీ ఒంటికాలి మీదే ఉంటాయి. ఆయన భార్య మొదట్లో ఓపిగ్గా చూసేది గానీ ఏడో వెయ్యి దగ్గర మానేసింది. తీసినంతకాలం ఆయన హాయిగానే ఉన్నాడు. తీసినవాటిని దిద్దుకోవడానికి ఒక సాఫ్ట్‌వేర్ ఎంచుకుందామని బుద్ధి పుట్టినప్పటి నుంచే ఆయనకి కష్టాలు మొదలయ్యాయి.

ఆ బుద్ధి కొంగల వల్ల పుట్టలేదు, అప్ప వల్ల పుట్టింది. ఆ వైపు అక్కని అప్ప అంటారు. నరసమ్మ ఆయనకంటే ఆరేళ్లు పెద్ద. తల్లి పోయేనాటికి వరహాలరావుకి ఏడాదిన్నర, నరసమ్మకి ఏడున్నర. ఆ ఏడున్నరేళ్ల పిల్లే తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. మొగుడు పోయాక తమ్ముడింట్లోనే ఉంటోంది. ఇప్పుడావిడకి అరవై మూడు, కళ్లకి నీటికాసులు. పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నది కూడా ఎన్నాళ్లుంటుందో చెప్పలేననీ కంటి డాక్టరు తేల్చేశాడు. ఆసుపత్రి నుంచి ఆటోలో వస్తూ అప్ప ఒకే ఒక్క మాటంది.

"ఒరే వరహాలూ, అమ్మ మొగం ఓసారి సూడాలనుందిరా."

అమ్మ ఫోటో ఉన్నది ఒక్కటే. పిన్ని పెళ్లినాడు తీసిన నలుపు తెలుపు గుంపు ఫోటో. ముందు వరసలో ఏడేళ్ల నరసమ్మ ఎండకి కళ్లు చికిలించుకుని నిలబడి ఉంటుంది. ఆమె వెనక, పందిరి అంచు నీడలో, అమ్మ. చంకన బిడ్డ ఉన్నట్టు ఆనవాలు తెలుస్తుంది గానీ ముఖం బొగ్గుతో అలికినట్టు నల్లగా ఉంటుంది. ఆ నలుపులోంచి ఒక్క చెయ్యి ఎండలోకి వచ్చి నరసమ్మ భుజం మీద ఆని ఉంటుంది. రెండు గాజుల చెయ్యి. యాభై ఆరేళ్లుగా అప్పకి అమ్మంటే ఆ చెయ్యే. ఎండ తగిలితే వెలిసిపోతుందని తండ్రి ఆ ఫోటోని నడవగదిలో వెలుతురు పడని గోడకి తగిలించాడు. తండ్రి పోయాక కూడా అది ఆ గోడ దిగలేదు.

ఆ నీడ కాస్త తీసేస్తే అమ్మ బయటికొస్తుంది. నీడలు తీయడానికి సాఫ్ట్‌వేర్లున్నాయి. కనక ఒకటి ఎంచుకోవాలి. ఇందులో కష్టమేముందని వరహాలరావు అనుకున్నాడు, పాపం.

ఆయన ఉన్న ఫోటో సరదాగాళ్ల వాట్సాప్ గుంపులో అడిగితే నలభై ఒక్కమంది నలభై ఒక్క పేర్లు చెప్పారు. ఇద్దరు ఆ విషయంలో ఒకరి మీద ఒకరు అలిగి గుంపు వదిలిపోయారు. నెల్లాళ్లు తల బొప్పి కట్టించుకుని ఆయన మూడింటి దాకా తెచ్చాడు. మొదటిది నెలనెలా అద్దె కట్టేది. అందులో విమానం నడిపేవాడి ముందు ఉన్నన్ని మీటలున్నాయి. రెండోది ఉచితం. ఏ మీట ఎక్కడుందో దాన్ని తయారుచేసినవాళ్లకైనా తెలుసునో లేదో. మూడోది ఫోన్‌లోది. వేలు తగిలితే పనైపోతుంది గానీ మనిషి మొహానికి మైదాపిండి పూసి మరీ ఇస్తుంది.

పటం విప్పి, ఫోటోని కవర్లో పెట్టి పట్టుకెళ్లి స్కాన్ చేయించి, మూడింటిలోనూ వేసి, "నీడలు" అని రాసి ఉన్న మీటని మూడింటిలోనూ సరిగ్గా నలభై దగ్గరికి జరిపాడు. మొదటిదాంట్లో అమ్మ బొగ్గు నుంచి తడి బొగ్గయింది. రెండోదాంట్లో బూడిదయింది. మూడోదాంట్లో ముఖం వచ్చింది. పలువరస మెరుస్తూ, బుగ్గలు నిగనిగలాడుతూ వచ్చింది. వరహాలరావు పరుగున పోయి అప్పకి చూపించాడు. ఆవిడ ఫోన్‌ని ముక్కుకి ఆనించుకుని చాలాసేపు చూసింది.

"ఇదెవర్తిరా? టీవీలో సబ్బులమ్మే పిల్లలాగున్నాది."

ఆ దిగులు కొద్దీ మర్నాడు ఆఫీసులో, మధ్యాహ్నం క్యారేజీ విప్పుతూ, ఇన్‌స్పెక్టర్ సుగుణాకరం దగ్గర నోరు జారాడు. "ఏం సాఫ్ట్‌వేర్లండీ. ఒకదాని నలభై ఇంకోదాని నలభైతో సరిపోలదు."

ఇంకే ఆఫీసులోనైనా ఈ మాట గాలికి పోయేది. బ్యాంకులో అయితే నవ్వేవారు, బడిలో అయితే వినిపించుకునేవారు కాదు. కానీ చెక్క అడ్డుగోడకి అవతల జిల్లా ప్రమాణాధికారి జోగారావు గారు పెరుగన్నం తింటున్నారు. ఆయన ఇంట్లో ఉప్మాకి చిటికెడు ఉప్పు వేశానన్న భార్యని "ఎవరి చిటికెడు?" అని అడిగిన మనిషి. చెయ్యి కడుక్కోకుండానే ఇవతలికొచ్చారు.

"వరహాలరావు గారూ, మీరిప్పుడేమన్నారు?"

"ఏం లేదు సార్. ఫోటోల సంగతి."

"ఒకదాని నలభై మరొకదాని నలభైకి సమానం కాదన్నారు. నలభై ఏమిటి?"

"నలభై అంటే నలభయ్యే సార్."

"గ్రాములా, మిల్లీలీటర్లా, సెంటీమీటర్లా?"

"ఉత్త నలభై సార్."

జోగారావు గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆయన ముఖంలో బాధ నిజమైనదే. "అంటే మన అధికార పరిధిలో, మన సీనియర్ అసిస్టెంటు స్వగృహమందు, ఏ ప్రమాణమూ లేని, ఏ ముద్రా పడని కొలత వాడుకలో ఉన్నది. అదియును మూడు రకములుగా. సుగుణాకరం గారూ, పంచనామా కాగితాలు తీసుకోండి."

సాయంత్రం అయిదింటికి సోదా జరిగింది. ఆ సెక్షను చూసేది వరహాలరావే గనక పంచనామా కూడా ఆయనే రాయాల్సి వచ్చింది. తన ఇంటి ముందు గదిలో కూర్చుని తన చేత్తోనే రాశాడు. ల్యాప్‌టాప్ ఒకటి. అందలి జరుపుడు మీటలు అరవై ఆరు, ఒక్కదానిపైనను ముద్ర లేనివి. చరవాణి ఒకటి. నిందితుడు సహకరించినాడు. సుగుణాకరం ఫోటోని కూడా కవర్లో పెడుతుంటే అప్ప తడుముకుంటూ వచ్చింది.

"ఫోటో ఎందుకు పట్టికెల్తన్నావు నాయనా?"

"అమ్మా, ఇది ఫోటో కాదు. ముద్ర లేని కొలతతో కొలవబడిన సరుకు" అన్నాడు సుగుణాకరం మర్యాదగానే. కవరు మీద లక్క వేసి సీలు కొట్టాడు.

అప్పకి సగమే అర్థమైంది. "ఎప్పుడిస్తారు?" అనడిగింది. విచారణ పూర్తయ్యాక అని జవాబు. ఈ ఆఫీసులో విచారణ అంటే ఏమిటో వరహాలరావుకి తెలుసు. ఒక తవుడు వ్యాపారి మీద ఆయన ఉద్యోగంలో చేరిన ఏడాది మొదలైన విచారణ, వ్యాపారి పోయి, కొడుకు కొట్టు మూసేసి, ఆ స్థలంలో సినిమాహాలు లేచి, అది కూడా పడిపోయాక ఇంకా నడుస్తూనే ఉంది.

జోగారావు గారు మూడు కంపెనీలకీ ఉత్తరాలు రాశారు. "తమరి నలభై ఏమిటో పదిహేను దినములలోగా తెలియపరచవలెను." ఒక కంపెనీ నుంచి మరుక్షణమే యంత్రం జవాబొచ్చింది. మీ ప్రశ్న మాకు ఎంతో విలువైనదని, త్వరలో సంప్రదిస్తామని. మిగతా రెండూ పలకలేదు. జోగారావు గారు ఫైల్లో ఇలా రాశారు: "ఒక కంపెనీ ప్రశ్న యొక్క విలువను అంగీకరించినది. జవాబు లేదని పరోక్షముగా ఒప్పుకొన్నది. కావున నీడకు ప్రమాణమును మనమే నిర్ణయింపవలసి యున్నది."

కిలోకి ఇత్తడి గుండు ఉంది, మీటరుకి ఇత్తడి కడ్డీ ఉంది. రెండూ మఖమలు పెట్టెల్లో భద్రంగా ఉన్నాయి. నీడకి ఏముంది? మూడు రోజులు సమావేశాలు జరిగాయి. గోడ నీడ పనికిరాదన్నారు, గోడని పెట్టెలో పెట్టలేం. మనిషి నీడ పనికిరాదన్నారు, మనిషి సెలవు పెడతాడు. మూడో రోజు సాయంత్రం వాన పడి, అటెండరు గవరయ్య గొడుగు దులుపుకుంటూ టీ పట్టుకొచ్చాడు. జోగారావు గారు ఆ గొడుగునే చూస్తూ ఉండిపోయారు.

గవరయ్య గొడుగు పాతికేళ్లనాటిది. నల్ల గుడ్డ, వంపు పిడి, ఎనిమిది ఊచలు. దాని పిడి మీద ముద్ర వేశారు. మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలకు కార్యాలయ ప్రాంగణమున సదరు గొడుగు క్రింద ఏర్పడు నీడను "ఒక గొడుగు"గా వ్యవహరించవలెనని ఉత్తర్వు వెలువడింది. ఆ క్షణం నుంచి గొడుగుకి మఖమలు పెట్టె వచ్చింది. గవరయ్యకి గొడుగు పోయింది. వానలో తడుస్తూ వచ్చిన గవరయ్య గొడుగు అడిగితే, తడిస్తే ప్రమాణం మారుతుందని జోగారావు గారు నచ్చజెప్పారు.

"మరి నేను తడిస్తేనో బాబూ?"

"నీ మీద ముద్ర లేదు కదయ్యా."

గవరయ్యకి కొత్త పని పడింది. రోజూ పన్నెండు కొట్టేసరికి బీరువాలోంచి ఫోటో తెచ్చి ప్రాంగణం మధ్య స్టూలు మీద పెట్టాలి. పెట్టెలోంచి గొడుగు తీసి దాని మీద పట్టుకుని పావుగంట కదలకుండా నిలబడాలి. జోగారావు గారు వంగి, ఫోటోలోని నీడని గొడుగు నీడతో పోల్చి, రిజిస్టర్లో రాయిస్తారు. "రెండునూ నల్లగా నున్నవి." మబ్బు పట్టిన రోజున ప్రమాణానికి సెలవు.

ఒకటి తేలింది. ఇక నలభై తేలాలి. నలభైకి నలభై గొడుగులు కావాలి కాబట్టి ఊళ్లోని అన్ని ఆఫీసుల నుంచీ అరువు తెచ్చారు. వ్యవసాయ శాఖ వాళ్లవి పూల గొడుగులు గనక తిరస్కరించారు. వెదురు తడికలతో మంచె కట్టి ఒకదాని మీద ఒకటి నలభై గొడుగులు విప్పి నిలబెడితే ఊరంతా చూడటానికి వచ్చింది. జోగారావు గారు కింద దూరి, బయటికొచ్చి, మళ్లీ దూరారు. ఒక గొడుగు కింద ఎంత నలుపో నలభై గొడుగుల కింద కూడా అంతే నలుపు.

అక్కడున్నవాళ్లలో ఎవరైనా దీంతో ఈ తతంగం ఇక చాలనుకుంటారు. జోగారావు గారు మాత్రం తెల్లబోయిన ముఖంతో లెక్క చెప్పారు. "నలభై గొడుగులు ఒక్క గొడుగుకు సమానమని ప్రయోగపూర్వకముగా రుజువైనది. కనుక నలభై అని చెప్పి ఒక్కటే ఇచ్చుచున్నారు. ప్రతి నలభైకి ముప్పైతొమ్మిది చొప్పున ప్రజలు మోసపోవుచున్నారు. రాయండి."

వరహాలరావు రాశాడు. లోపలినుంచి వస్తున్నది భయమో నవ్వో ఆయనకే తెలియలేదు.

మర్నాటి నుంచి సుగుణాకరం జీపు వేసుకుని ఊళ్లోని ఫోటో స్టూడియోల మీద పడ్డాడు. పెళ్లికూతుళ్ల మొహాలు తెల్లగా చేసినందుకు పదకొండు స్టూడియోల మీద కేసులు పడ్డాయి. ఒక స్టూడియోలో పెళ్లికూతుర్నే పిలిపించి, ఫోటోకీ ఆవిడకీ మధ్య ఎన్ని గొడుగుల తేడా ఉందో అత్తవారి ఎదుటే చూశారు. ఆ పెళ్లి ఎలాగో నిలబడింది గానీ వియ్యంకులు ఇప్పటికీ మాట్లాడుకోవట్లేదు. స్టూడియోలవాళ్లు "ఇక్కడ ముద్ర వేసిన వెలుతురు మాత్రమే వాడబడును" అని బోర్డులు కట్టుకుని, ముద్ర ఎక్కడ వేయించుకోవాలో తెలీక తలుపులు మూసుకున్నారు. పాస్‌పోర్టు ఫోటోకి జనం పక్క ఊరికి పోవడం మొదలైంది.

ఈ రెండు నెలల్లో వరహాలరావు ఫోటో వాపసు కోరుతూ అయిదు అర్జీలు పెట్టాడు. ఆ సెక్షను ఆయనదే గనక అర్జీలు ఆయన బల్ల మీదికే వచ్చేవి. నిబంధనల ప్రకారం వాటిని తిరస్కరిస్తూ జవాబులు కూడా ఆయనే తయారుచేశాడు. జోగారావు గారు సంతకం పెట్టి, "మీ భాష బాగుందయ్యా" అని మెచ్చుకున్నారు. ఇంటికి పోతే అప్ప అరుగు మీద కూర్చుని ఉండేది. మొదట్లో ఆయన వీధి మలుపు తిరగ్గానే గుర్తుపట్టేది. తర్వాత గేటు దగ్గరకొస్తే పట్టేది. ఇప్పుడు చెప్పుల చప్పుడుకి తలెత్తుతోంది. తాటాకు గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో ఇంత మేర మాత్రం కనిపిస్తోందట.

"అయ్యిందేటిరా?"

"లేదప్పా. ఇంకొంచెం."

ఆ అబద్ధం చెప్పినప్పుడల్లా ఆయనకి తన మీద తనకే అసహ్యం పుట్టేది.

జూన్ రెండో వారంలో రాష్ట్ర ప్రమాణ నియంత్రకులు స్వయంగా వచ్చారు. పూలదండలయ్యాయి. మూడు సాఫ్ట్‌వేర్లలో ఏది ప్రజలు వాడదగినదో ఎంచి ప్రకటించే సభ అది. జోగారావు గారు నివేదిక చదివారు. పది దగ్గర మూడూ పోలలేదు, నలభై దగ్గర పోలలేదు, నూరు దగ్గర అసలే పోలలేదు. పోలినది ఒక్క చోటే. సున్న దగ్గర. సున్న దగ్గర మూడూ ఏ మార్పూ చేయవు, మూడింటిలోనూ ఫోటో ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. "కావున సున్నయే విశ్వసనీయమైన కొలత. మూడు సాఫ్ట్‌వేర్లును ఆమోదయోగ్యములే. అన్ని మీటలను సున్న వద్ద నిలిపి, కదపకుండునట్లు ముద్ర వేసి, వినియోగదారునికి అప్పగించవచ్చును."

చప్పట్లు మోగాయి. వరహాలరావుకి శాలువా కప్పి, ఆయన ల్యాప్‌టాప్ ఆయనకి తిరిగిచ్చారు. మౌసుకి సీసపు తీగ చుట్టి బిళ్ల ముద్ర వేసి ఉంది. "ఏది ఎంచుకోవాలా అని మీరు పడ్డ శ్రమను శాఖ శాశ్వతంగా తొలగించింది" అన్నారు నియంత్రకులు చిరునవ్వుతో.

"ఫోటో కూడా ఇప్పించండి సార్" అన్నాడు వరహాలరావు.

"అది ఇక మీది కాదండీ, దేశానిది. మన శాఖ కొలిచిన మొట్టమొదటి నీడ. దాన్ని ప్రామాణిక ఛాయాచిత్రంగా ప్రకటించాం. సోమవారం రాజధానికి వస్తుంది. గాజు పెట్టెలో ఉంటుంది, చీకటి గదిలో."

అది గురువారం. వరహాలరావు తన బల్ల దగ్గరికొచ్చి కూలబడ్డాడు. మీటింగు టీకప్పులు ఏరుతున్న గవరయ్య దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"బాబూ, ఆ ఫోటోలో వెనకాల నిలబడ్డావిడ మీ అమ్మగారేటి? ముక్కుకి నత్తు పెట్టుకున్నావిడ."

వరహాలరావు తలెత్తాడు. అమ్మకి నత్తు ఉండేదని ఆయనకే తెలీదు. "నీకెలా తెలుసు గవరయ్యా?"

"రోజూ బీరువా కాడినుంచి స్టూలు దాకా నేనే మొయ్యాల కద బాబూ. మిట్టెండలో ఆ పాతికడుగులూ మొగం బాగా కనబడతాది. గొడుగు కిందకెల్తే మల్లీ పోతాది."

పద్నాలుగు వేల కొంగల్ని ఎండలో తీసిన మనిషి నుదురు కొట్టుకున్నాడు. ఆ ఫోటోని ఒక్కసారి వాకిట్లోకి తెచ్చి ఉంటే సరిపోయేది. యాభై ఆరేళ్లలో అది ఏ ఒక్కరికీ తట్టలేదు.

శుక్రవారం పదకొండున్నరకి అప్పని ఆటోలో తీసుకొచ్చాడు. జోగారావు గారు అభ్యంతరం చెప్పబోతే గేటు మీది బోర్డు చూపించాడు. "మా అప్ప వినియోగదారు సార్. ఈ కొలత ఆవిడ కోసం మొదలైంది. కళ్లారా చూడటం ఆవిడ హక్కు."

జోగారావు గారు బోర్డుని పైనుంచి కిందికి చదివారు. తన శాఖ బోర్డుని కాదనలేక, "నిశ్శబ్దముగా చూడవచ్చును" అన్నారు.

పన్నెండు కొట్టింది. మబ్బుతునక లేదు. గవరయ్య ఫోటో తెచ్చి స్టూలు మీద పెట్టి, పెట్టెలోంచి గొడుగు తీసి విప్పాడు. వరహాలరావు అప్పని చెయ్యి పట్టుకుని స్టూలు ముందు నిలబెట్టాడు. ఆవిడ వంగింది, కళ్లు చికిలించింది, తల అటూ ఇటూ తిప్పి తన కంటిలో మిగిలిన ఆ కాస్త మేరలోకి ఫోటోని తెచ్చుకుంది.

"నల్లగున్నాదిరా" అంది.

"సరిగ్గా చెప్పారమ్మా. ఒక గొడుగు" అన్నారు జోగారావు గారు సంతోషంగా.

"సార్, ఈ స్టూలు రెండడుగులు పక్కకి జరిపితే..."

"స్టూలు స్థానము ప్రామాణికము వరహాలరావు గారూ. మీరే కదా ఉత్తర్వు టైపు చేశారు."

అవును, ఆయనే చేశాడు. తప్పు లేకుండా చేశాడు. అప్ప మాత్రం వంగినదల్లా లేవలేదు. వేలితో ఫోటో మీద తడిమి, ఎండలో పడ్డ ఆ రెండు గాజుల చెయ్యి ఉండే చోటు వెతుక్కుంటోంది.

అప్పుడు గవరయ్య గొడుగు మూసేశాడు.

ఎండ స్టూలు మీద దబ్బున పడింది. జోగారావు గారికి ముందు ఏం జరిగిందో అర్థం కాలేదు. ప్రాంగణంలో నీడ కోసం చుట్టూ చూశారు.

"గవరయ్యా, నీడ ఏదయ్యా?"

"సెయ్యి నొప్పెట్టింది బాబూ" అన్నాడు గవరయ్య. గొడుగుని చంకలో పెట్టుకుని అవతలికి తిరిగి నిలబడ్డాడు.

అప్ప ముఖం ఫోటోకి బెత్తెడు దూరంలో ఉంది.

"నత్తున్నాదిరా అమ్మకి" అంది మెల్లగా. "నువ్వా నత్తు పట్టుకుని లాగుతున్నావు. యెదవా, నొప్పి పుట్టదేటి అమ్మకి?" ఫోటోలో మిగతా ముఖాల మీదికి చూపు జరిపింది. "ఒరే, అందరూ ఫోటో తీసినోడికేసి చూస్తన్నారు. అమ్మ చూడట్లేదురా. తల వంచుకుని నాకేసే చూస్తన్నాది."

వరహాలరావు కూడా వంగి చూశాడు. నిజమే. ఒక సన్నటి మనిషి, పాతికేళ్లుండవు, ముక్కు నొప్పికి మూతి కొంచెం వంకరపోయి, నవ్వుతూ కిందికి చూస్తోంది. ఆయన జీవితంలో అమ్మని చూడటం అదే మొదటిసారి. వెక్కి వెక్కి ఏడ్చాడు, ఆఫీసు ప్రాంగణంలో, పనివేళల్లో. సుగుణాకరం టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. జోగారావు గారు మాత్రం గడియారం చూసుకున్నారు.

నాలుగు నిమిషాల తర్వాత అప్ప నడుం ఎత్తింది. "సాల్రా. ఇంక వాల్లనే ఉంచుకోమను" అని గవరయ్య ఉన్న దిక్కుకి రెండు చేతులూ జోడించింది. దిక్కు కొంచెం తప్పింది. ఆ దండం జోగారావు గారికి తగిలింది. ఆయన తనకే అనుకుని ప్రతినమస్కారం చేశారు.

సోమవారం ఫోటో రాజధానికి పోయింది. మంగళవారం గవరయ్యకి మెమో వచ్చింది. "ది. 13న మధ్యాహ్నం 12 గంటల 7 నిమిషాల నుండి 12 గంటల 11 నిమిషాల వరకు కార్యాలయ ప్రాంగణమున నీడ లేకపోవుటకు సంజాయిషీ ఇవ్వవలెను." మెమో టైపు చేసింది వరహాలరావే. గవరయ్యకి రాయడం రాదు గనక సంజాయిషీ రాసిందీ ఆయనే. ముప్పై ఏళ్ల సర్వీసులో మొదటిసారి నిబంధన ఏదీ ఉటంకించకుండా రాశాడు. "అయ్యా, గొడుగు నేనే మూసితిని. ఆ నాలుగు నిమిషములు ఎండ సరిగ్గా సరిపోయినది. ఎక్కువా లేదు, తక్కువా లేదు. గవరయ్య వేలిముద్ర."

జోగారావు గారు దాన్ని రెండుసార్లు చదివారు. గవరయ్యని ఏమీ అనలేదు. ఆయన మనసు వేరే చోట చిక్కుకుంది. కలం తీసి ఫైలు మార్జినులో రాశారు: "ఎండ సరిపోయినదని ఎవరు ధ్రువీకరించిరి? సదరు ఎండకు ముద్ర ఉన్నదా? లేనిచో దానిని వెలువరించుచున్న వారిని గుర్తించి తగు చర్య తీసుకొనవలెను."

ఆ కేసు సుగుణాకరానికి అప్పగించారు. ఆయన ఇప్పటికి మూడు నివేదికలు పంపాడు, మూడూ వరహాలరావే టైపు చేశాడు. మూడింటిలోనూ ఉన్నది ఒకటే మాట. నిందితుడు ప్రతిదినము ఉదయమున తూర్పు వైపు చేతికందునంత క్రిందుగానే కనబడుచున్నాడు గానీ, కార్యాలయము పదిన్నరకు తెరచునప్పటికి అందనంత ఎత్తునకు పోవుచున్నాడు.